వదిన పీకిన తీగ

దసరాకు ముందు వారంలో ఒక మధ్యాహ్నం మా అన్న ఫోన్ చేసి, "వదిన పోయింది రా" అన్నాడు. నేనప్పుడు కామారెడ్డి దగ్గర నేనూ వదినా పనిచేసే రైస్ మిల్లులో బాయిలర్ మసి గీకుతున్నాను. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నలభై కూడా నిండని మనిషి. ఆ సాయంత్రం ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందు కూర్చున్న చుట్టాలంతా ఆమె గురించి ఒకటే మాట చెప్పుకున్నారు, మొండిది అని. చెప్పుకోనీ. ఆమె మొండిది కాబట్టే నేనివాళ బతికుండి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

వదినది బీబీపేట. డిప్లొమా చదివి మా ఇంటికి కోడలిగా వచ్చింది. మా అమ్మ బీడీలు చుట్టేది; కోడలు కూడా పక్కన చాట పెట్టుకుని కూర్చుంటుందని ఆశపడింది. వదిన కొన్నాళ్లు కూర్చుంది కూడా. ఆమె చుట్టిన బీడీలు ఒకటి లావు, ఒకటి సన్నం. కార్ఖానా వాళ్లు తిప్పి పంపితే నవ్వుకుంటూ చాట పక్కన పెట్టి, రైస్ మిల్లులో కరెంటు ప్యానెల్ చూసే పనికి చేరింది. కొప్పులో పూలకు బదులు చిన్న స్క్రూడ్రైవర్ ఉండేది. ఇంట్లో మిక్సీ వదులైనా, కుక్కర్ పిడి ఊగినా అదే తీసేది. అమ్మ మొదట్లో సణిగేది గానీ, తర్వాత తర్వాత కళ్లద్దాల మర కూడా ఆమెతోనే బిగించుకునేది. తెలంగాణ ఉద్యమంలో బస్సులు బందైన రోజుల్లో వదిన దొరికిన ఆటో పట్టుకుని, దొరకనప్పుడు ట్రాక్టర్ ఎక్కి మిల్లుకు పోయింది. ఆ మిల్లులోనే నన్నూ పెట్టించింది.

ఆమె పని ఏమిటో మీకు కొంచెం చెప్పాలి. బాయిలర్‌లో నీళ్లెంత ఉన్నాయో కొలిచే సెన్సార్ ఒకటుంటుంది. అది పంపే చిన్న కరెంటును అందుకుని మీటరుకు, నీళ్ల మోటరుకు, కూత పెట్టి హెచ్చరించే హూటరుకు అందించేది ప్యానెల్‌లో ఉండే సిగ్నల్ మాడ్యూల్. చూడటానికి అగ్గిపెట్టెల కట్టంత ఉంటుంది. ఎంత కరెంటుకు ఎంత నీరు చూపాలో, తీగ తెగితే ఏం చేయాలో దానికి ముందే సెట్ చేసి పెట్టాలి. బాయిలర్ నిండితే ఇరవై మిల్లీ ఆంపియర్లు, ఖాళీ అయితే నాలుగు. ఖాళీకి సున్నా పెడితే సరిపోతుంది కదా అని అడిగాను.

"ఏం లేకున్నా నాలుగుంటది తమ్మీ. సున్నా అయ్యిందంటే ఖాళీ అని గాదు, తీగ తెగిందని. లేనోనికి, సచ్చినోనికి తేడా తెల్వాలె గద" అన్నది.

మిల్లంటే ఎలుకలు ఉంటాయి. తీగ కొరికితే సిగ్నల్ పోయేది, హూటర్ మోగేది, బాయిలర్‌కు ఊక పడటం ఆగిపోయేది. వదిన అట్లాగే సెట్ చేసింది. ఆగిన ప్రతిసారీ ఆవిరి అందక నానబెట్టిన వడ్లు పులిసి వాసన పట్టేవి, సేటుకు కోపం నషాలానికి అంటేది. సిగ్నల్ పోయినా చివరి అంకె మీదే నిలబడేట్టు మార్చమని ఆయన ఎన్నిసార్లు అడిగినా వదిన మార్చలేదు. ఒకసారి ఆమె తల్లికి బాగాలేదని బీబీపేట పోయినప్పుడు, సేటు పట్నం నుంచి ఒకతన్ని పిలిపించి ఆ పని చేయించాడు. ఆ రోజు నుంచి హూటర్ నోరు మూసుకుంది. నిజం చెప్పాలంటే మేమూ సంతోషించాం. చెవులకు సుఖం, పనికి అడ్డు లేదు. ఎలుకలకు ఏదో మందు పెట్టారనుకున్నాం.

వదిన తిరిగొచ్చిన రోజు ప్యానెల్ ముందు నిలబడి మీటరు వంక చాలాసేపు చూసింది. అందులో అంకె కదలడం లేదు. బాయిలర్ నడుస్తున్నప్పుడు నీరు అంత నిలకడగా ఉండదు. ఆమె మాడ్యూల్ నుంచి తీగ పీకేసింది. అంకె అట్లాగే ఉంది, హూటర్ మోగలేదు. అప్పుడు బాయిలర్ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నేను మంట ముందున్నాను. నీటి మట్టం చూసే గాజు గొట్టం పాచి పట్టి మసకబారింది. ఆమె కొంగుతో తుడిచి, కింద మర తిప్పి చూసింది. గొట్టంలో నీళ్లు లేవు. తీగ ఎప్పుడో తెగింది, మాడ్యూల్ మాత్రం నిండుగా ఉందని చెబుతోంది, ఆ మాట నమ్మి మోటరు నీళ్లు తోడటం మానేసింది.

"మంట గుంజుండ్రి. నీళ్లు మాత్రం ఇడువకుండ్రి" అన్నది. కాలిన బాయిలర్‌లో చన్నీళ్లు పడితే పేలుతుంది. నేనూ, మహారాష్ట్ర అంచున ఉన్న జుక్కల్ నుంచి వచ్చిన కూలీలూ నిప్పులు బయటికి లాగి పోశాం. వాళ్లకు ఆమె వచ్చీరాని మరాఠీలో చెప్పింది, వాళ్లకు అర్థమైంది. అంతా అయ్యాక వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత సేటు ముందే మాడ్యూల్‌ను మళ్లీ మొదటి మాదిరి సెట్ చేయడం మొదలుపెట్టింది. చెప్పిన మాట వినకపోతే రేపటి నుంచి రావొద్దన్నాడాయన.

"రాను సేటు. గని తీగ పీకి, మోగినంక పోత. తెగిన తీగతోని అబద్ధం చెప్పియ్య" అన్నది.

తీగ పీకింది. హూటర్ మోగింది. సంచి భుజానికి వేసుకుని బస్టాండుకు పోయింది. మర్నాడు పొద్దున మేమెవరం బాయిలర్‌లో ఊక పోయలేదు. గంపలు బోర్లించి వాటి మీదే కూర్చున్నాం. ఆమె వస్తేనే మంట అన్నాం. సేటు మధ్యాహ్నానికి మా అన్నకు ఫోన్ చేసి వదినను పంపమన్నాడు.

అప్పటి నుంచి అది మా మిల్లు ఆచారమైంది. సీజన్ మొదలయ్యే రోజు బాయిలర్‌కు పూజ చేసి, కొబ్బరికాయ కొట్టాక, అందరి ముందూ వదిన తీగ పీకేది. హూటర్ మోగితేనే మొదటి గంప ఊక. పూజనాడు ఆ కూత అపశకునమని సేటు ప్రతిసారీ మొహం మాడ్చుకునేవాడు. మోగకపోతే అపశకునం అనేది వదిన.

చివరికి జబ్బు చేసి దవాఖానలో ఉన్నప్పుడు ఆమె వేలికి క్లిప్పు పెట్టి, తలదిక్కున మానిటర్ పెట్టారు. ఒక పగలు నేను పక్కన కూర్చుని ఉండగా క్లిప్పు ఊడింది, మానిటర్ కూత పెట్టింది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. వదిన మాత్రం నవ్వింది. "మంచిగ సెట్ చేసిండ్రు" అన్నది. కాసేపటికి తనే క్లిప్పు తీసి మళ్లీ చూడబోతే నర్సమ్మ కోప్పడింది. నాకు నవ్వొచ్చింది, అక్కడే ఏడుపూ వచ్చింది.

రాష్ట్రం వచ్చిన ఏడు ఇది. కార్తీకంలో వడ్లు వచ్చాయి, బాయిలర్‌కు పూజ పెట్టారు. సేటు నన్ను పక్కకు పిలిచి, ఆ తీగ ముచ్చట ఈసారి వద్దన్నాడు. ఆమే లేదు, ఇంకా ఆ పట్టింపు ఎందుకన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. ఈసారి ఊరుకుంటే వచ్చే ఏడు ఎవరూ గుర్తు చేయరని నాకు తెలుసు. ఆ తర్వాత మాడ్యూల్‌ను ఎట్లా మార్చినా అడిగేవాళ్లుండరు.

అన్న ఇచ్చిన స్క్రూడ్రైవర్ నా జేబులో ఉంది. దాని పిడికి ఇంకా కొబ్బరి నూనె వాసన పోలేదు. సేటు కొబ్బరికాయ కొట్టేదాకా ఆగి, ప్యానెల్ తలుపు తెరిచి, మర వదులు చేసి తీగ పీకాను.

మోగింది. సేటు కొబ్బరి చిప్పలు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాడు. జుక్కల్ కూలీలు గంపలు నెత్తికెత్తుకుని నా వైపే చూస్తున్నారు. హూటర్ ఆపే బటన్ నా చేతికి దగ్గరలోనే ఉంది. నేను నొక్కలేదు, మోగనిచ్చాను.