అత్తమామలకు నేను చూపించిన తాజ్‌మహల్

అత్తమామల ముందు పరువు పోగొట్టుకోని అల్లుడు లోకంలో ఉండడు. కాకపోతే అందరూ ఇంట్లోనో, పెళ్ళిపందిట్లోనో, మహా అయితే నలుగురు బంధువుల మధ్యో పోగొట్టుకుంటారు. నేను మాత్రం సికింద్రాబాద్‌లో రైలెక్కి, ఆగ్రా దాకా వెళ్ళి, కారు మాట్లాడుకుని, ప్రైవేటు గైడును పెట్టుకుని మరీ మొగలు చక్రవర్తుల సాక్షిగా పోగొట్టుకున్నాను. పోతే పోయింది గానీ, ఆ స్థాయిలో పోయినందుకు నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

మాది చిలకలగూడ. తాతల కాలం నుంచీ అక్కడే. మా గల్లీ వాళ్ళకు రెండు గట్టి నమ్మకాలు ఉన్నాయి. ఒకటి, హిందీ మాకు ఉగ్గుపాలతో వచ్చిందని. రెండు, ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళకు హిందీ ముక్క రాదని. ఈ రెంటినీ నేను ఆస్తిలా కాపాడుకుంటూ పెరిగాను.

నాకు పిల్లనిచ్చినవాళ్ళది గుంటూరు వైపు. మామయ్య అక్కడ మిర్చి వ్యాపారం చేసి, పిల్లల చదువుల కోసం వచ్చి కాప్రాలో స్థిరపడ్డారు. పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో నాకు జరిగిన మర్యాద చూసి నాకే భయం వేసేది. మా ఇంట్లో నేను నోరు తెరిస్తే మా అమ్మ "నువ్వు ఊకోరా" అంటుంది. అక్కడ నేను ఏమన్నా సరే. ఒకసారి భోజనాల దగ్గర గొప్పకు పోయి, పెసరట్టుకు శనగపప్పు నానబోయాలి అన్నాను. అత్తమ్మ వడ్డిస్తున్న గరిటె ఒక్క క్షణం ఆగింది.

"అవునవును బాబూ, అలా కూడా చేస్తారు," అన్నారు.

కొత్త అల్లుడు చెప్పినదానికి అడ్డు చెప్పకూడదట. అది ఆ ఇంటి ఆచారం. నేనేమో నా తెలివికి అబ్బురపడి ఊరుకుంటున్నారని అనుకున్నాను.

అలాంటి ఒక రోజున, టీ తాగుతూ అత్తమ్మ ఒక మాటన్నారు.

"మా పెళ్ళయిన కొత్తలో మీ మామగారు తాజ్‌మహల్ చూపిస్తానన్నారు బాబూ. ఈ ఏడు మిరపకాయలు అమ్మేశాక వెళ్దాం అన్నారు. ఏం చేస్తాం, అవి ఏటా పండుతూనే ఉన్నాయి."

మామయ్య పేపరు అడ్డం పెట్టుకున్నారు. అత్తమ్మ నవ్వారు గానీ, ఆ నవ్వు వెనక ఎంత ఆశ ఉందో నాకు అర్థమైంది. తాజ్ ఎదురుగా ఉండే చలువరాతి బల్ల మీద ఆయన పక్కన కూర్చుని ఒక్క ఫోటో. ఆవిడకు కావలసింది అంతే.

"గింతే కదా అత్తమ్మా! నేను చూపిస్త," అని లేచి నిలబడ్డాను. "ఏజెంటు గిట్ల ఏం వద్దు. కారు, గైడు, రైలు టికెట్లు అన్నీ నేనే చూస్కుంట. ఒక్క రోజుల మొగలులు కట్టిందంత చూపిస్త. మీరు జెర ఫికర్ చెయ్యకుండ్రి."

ఇక రోజు నిర్ణయించడం. మంగళవారం అత్తమ్మ ప్రయాణం చెయ్యరు. శనివారం ఒంటిపూట భోజనం. ఆదివారం జనం. శుక్రవారమైతే లక్ష్మీదేవికి ఇష్టమైన రోజు, అత్తమ్మకు కూడా ఇష్టమైన రోజు. గురువారం పొద్దున రైలెక్కితే శుక్రవారం తెల్లవారేసరికి ఆగ్రా, ఆ రాత్రికే తిరుగు రైలు. దేవుడే వచ్చి కేలండరు మీద వేలు పెట్టి చూపించినట్టు అనిపించింది.

నవ్వుతున్నారా? తెలిసినవాళ్ళు ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. కాస్త ఆగండి, ఇంకా చాలా ఉంది.

ఆ రాత్రి నా భార్య స్రవంతి మెల్లగా మొదలుపెట్టింది. "ఏవండీ, శుక్రవారం అంటే మరి..."

"నువ్వు ఊకో స్రవంతీ. నీకు తెల్వదు."

మర్నాడు ఆగ్రా గైడు తివారీకి ఫోన్ చేశాను. ఆయన కూడా "సాబ్, ఫ్రైడే కో తో..." అంటూ ఏదో చెప్పబోయాడు.

"ఫ్రైడే అంటే ఫ్రైడే! గోల్కొండ చూసి పెరిగినోళ్ళం. మాకు మొగలుల గురించి చెప్తవా?" అని నా అమోఘమైన హిందీలో దబాయించాను.

అటునుంచి ఒక నిట్టూర్పు వినబడింది. "జైసీ ఆప్‌కీ మర్జీ, సాబ్." మీ ఇష్టం అన్నాడు పాపం.

శుక్రవారం పొద్దున ఆగ్రా స్టేషను బయట తివారీ తెల్ల కారుతో నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, మెడలో మఫ్లరు. అత్తమ్మ, మామయ్య, స్రవంతి వెనక సీట్లో కూర్చున్నారు. అత్తమ్మ పట్టుచీర కట్టుకున్నారు, తల్లో పూలు కూడా పెట్టుకున్నారు. నేను ముందు సీట్లో రాజాలా కూర్చుని, "పహలే తాజ్‌మహల్ చలో!" అన్నాను.

తివారీ నా మొహంలోకి చూశాడు. "సాబ్, ఆజ్ జుమ్మా హై. తాజ్ బంద్ హై."

శుక్రవారం లోపలి మసీదులో నమాజు ఉంటుందట. అందుకని చూడవచ్చేవాళ్ళను రానివ్వరట. ఫోన్‌లో అదే చెప్పబోయాడట. నేను అంత గట్టిగా శుక్రవారమే అనేసరికి, తాజ్ ఇదివరకే చూసేసి మిగతావి చూడ్డానికి వస్తున్న పెద్దమనుషులం అనుకున్నాడట.

శుక్రవారం చార్మినార్ దగ్గర నమాజుకు ఎంత జనం చేరతారో నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. తాజ్ పక్కన మసీదు ఉందని ఎక్కడో చదివే ఉంటాను. ఈ రెంటినీ కలిపి ఆలోచించే భాగాన్ని మాత్రం దేవుడు నా బుర్రలో పెట్టడం మర్చిపోయాడు.

అద్దంలోంచి వెనక్కి చూశాను. అత్తమ్మ పూలు సరిచేసుకుంటున్నారు. ఆవిడకు ఏమని చెప్పను? అన్నీ నేనే చూస్కుంట అన్న నోటితో ఎట్లా చెప్పను? పోనీ, వాళ్ళకు హిందీ రాదు, అదొక్కటే నయం అనుకుని తివారీతో హిందీలో గట్టిగానే మంతనాలు మొదలుపెట్టాను.

"భయ్యా, ఎట్లన్న చేసి నా ఇజ్జత్ కాపాడు. తెల్లగ, పాలరాతితోని, యమున ఒడ్డున ఇంకేదన్న ఉందా?"

"ఉంది సాబ్. ఇత్మాదుద్దౌలా సమాధి. దాన్ని అందరూ బేబీ తాజ్ అంటారు."

"ఆ బేబీ తీసెయ్. ఇయ్యాల అదే తాజ్. వీళ్ళకు నేను చెప్పుకుంట. నువ్వు మాత్రం నోరు తెరవద్దు."

"సాబ్, నేను గైడుని..." అన్నాడు తివారీ.

"ఇయ్యాల ఒక్క రోజు కావద్దు."

వెనక సీట్లో మామయ్య ఎందుకో దగ్గారు.

అక్కడ దిగగానే మొదటి గండం, గేటు పక్కన పేరు రాసిన ఇంత పెద్ద బోర్డు. నేను పరుగున వెళ్ళి దాని ముందు చేతులు బార్లా చాపి నిలబడ్డాను. "ఇట్ల రండ్రి, ఇట్ల రండ్రి," అంటూ అందర్నీ లోపలికి తోలాను. నా అదృష్టం కొద్దీ ఎవరూ బోర్డు వైపు చూడలేదు.

లోపల తోట మధ్య ఆ కట్టడం నిజంగా ముచ్చటగా ఉంది. నాలుగు మూలలా నాలుగు పొట్టి బురుజులు, గోడల నిండా రంగురాళ్ళ పూలు. అంతా బాగుంది గానీ, తాజ్‌మహల్ మాత్రం కాదు. అగ్గిపెట్టెల మీదా, కేలండర్ల మీదా అసలు తాజ్ బొమ్మ వేసిన ప్రతివాణ్ణీ ఆ పూట నేను తిట్టుకున్నాను.

"చాలా బాగుందండీ అల్లుడుగారూ," అన్నారు మామయ్య. "పైన గుండ్రటి డోము ఉంటుందనుకుంటా?"

"అదంత ఫోటోలల్ల ఎడిటింగు మామయ్యా."

"ఓహో. మరి పొడుగాటి మినార్లు?"

"దూరంకెల్లి చూస్తే పొడుగ్గ కనవడ్తయి. దగ్గరికొస్తే గింతే."

"నిజమే, నిజమే. దూరం నుంచి చూస్తే ఏదైనా పెద్దగానే కనపడుతుంది," అన్నారు ఆయన, నావైపే చూస్తూ.

తివారీ ఒక స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. స్రవంతి నా మోచెయ్యి మీద గిల్లింది. ఆ గిల్లుడు మచ్చ చాలా రోజులు ఉంది.

అంతలో అత్తమ్మ చుట్టూ చూసి, "బాబూ, ఆ బల్ల ఏదీ? అందరూ కూర్చుంటారే, అదీ?" అని అడిగారు.

"అది... రిపేర్‌కు పోయింది అత్తమ్మా."

"పోన్లే బాబూ, రాతి బల్ల కదా, అదీ అరుగుతుంది," అన్నారు ఆవిడ. పోయి మెట్టు మీద మామయ్య పక్కన కూర్చుని, కొంగు భుజం మీదికి లాక్కుని, ఫోటోకు నవ్వారు. నేను ఫోటో తీశాను. అబద్ధాలు చెప్పినప్పుడు రాని సిగ్గు, ఆవిడ అలా సర్దుకుని కూర్చున్నప్పుడు వచ్చింది. అప్పుడే కాళ్ళ మీద పడి నిజం చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. కానీ చిలకలగూడ గర్వం ఒకటి ఉంది చూశారూ, అది పడనివ్వలేదు.

అక్కణ్ణుంచి ఆగ్రా కోట. ఎర్రరాతి గోడలు, దర్బారు హాలు, అంతా నా సొంత వ్యాఖ్యానంతోనే చూపించాను. అక్బరు కట్టినదాన్ని బాబరుకు, షాజహాన్ కట్టినదాన్ని ఔరంగజేబుకు అప్పగిస్తూ గదులన్నీ దాటించాను. ప్రతిదానికీ మామయ్య "ఆహా" అన్నారు, తివారీ నుదురు కొట్టుకున్నాడు. అలా నడుచుకుంటూ నది వైపున్న పాలరాతి మంటపంలోకి వచ్చాం.

వచ్చి చూద్దును కదా, నది మలుపులో, ఎండలో ధగధగా మెరుస్తూ, గుండ్రటి డోముతో, పొడుగాటి మినార్లతో, ఏ ఎడిటింగూ లేకుండా నిలబడి ఉంది అసలు తాజ్‌మహల్!

అత్తమ్మ అడుగు ఆగిపోయింది. పిట్టగోడ పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూశాను.

ఆ క్షణంలోనైనా మనిషన్నవాడు నిజం చెప్తాడు. నేనేమన్నానో తెలుసా?

"అది... అది డూప్లికేట్ అత్తమ్మా. మొన్న మొన్ననే కట్టిండ్రు. టూరిస్టుల కోసం."

నేను అటువైపు చెయ్యి విసిరిన తీరు చూసి, తివారీ కంగారుగా, "సాబ్, ఏం చెప్పారు వాళ్ళకు?" అని అడిగాడు. నేను చెప్పలేదు. మామయ్య చెప్పారు. హిందీలో. నీళ్ళు తాగినంత తేలిగ్గా, వ్యాకరణంతో సహా ఉన్న హిందీలో.

"అది నకిలీది అంటున్నారు తివారీజీ. మీరు మనసులో పెట్టుకోకండి. పొద్దుట్నుంచీ మీ నోరు కట్టేశారు. ఇక చెప్పండి, ఈ మంటపంలో చెప్పాల్సిన కథ."

తివారీ "హే రామ్!" అని గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. ఆనకట్ట తెగినట్టు మొదలుపెట్టాడు. కొడుకు బందీ చేసిన షాజహాన్ చివరి రోజుల్లో ఇక్కణ్ణుంచే తాజ్‌ను చూస్తూ ఉండేవాడని చెప్తూ తనే ఏడ్చాడు. నాకైతే షాజహాన్ మీద అసూయ కలిగింది. ఆయనకు కనీసం నాలుగు గోడల గది ఉంది, నాకు మొహం దాచుకునే చోటే లేదు.

"మామయ్యా, మీకు... హిందీ వచ్చా?"

"మిర్చి కొనేది ఢిల్లీ, కాన్పూరు వాళ్ళేనండీ. పొద్దున లేస్తే వాళ్ళతోనే బేరాలు. మరి హిందీ రాకపోతే ఎలా అమ్ముతాం?"

అంటే కారులో నేను మాట్లాడిన ప్రతి ముక్కా! ఇజ్జత్, బేబీ, అన్నీ!

"తాజ్ ఇయ్యాల బంద్ అని..."

"మీరు టికెట్లు తీసిన రోజే తెలుసండీ. మా అమ్మాయి చెప్పబోతే మీరు వినలేదట కదా."

"మరి మీరన్న చెప్పొద్దా మామయ్యా!"

ఆయన నిజంగానే ఇబ్బంది పడ్డారు. "అల్లుడుగారు ముచ్చటపడి ఏర్పాటు చేస్తే వంక పెడతామా అండీ? అందుకని మా అమ్మాయి చేత రాత్రి రైలు మార్పించేశాను. ఇవాళ ఇక్కడే గది తీసుకున్నాం. రేపు వెళ్దాం తాజ్‌కి. మీరే మాటల్లో ఎక్కడో ఒకచోట ఒప్పుకుంటారు కదా, అప్పుడు చెప్దామనుకున్నాను. డోము అడిగాను, మినార్లు అడిగాను. మీరు దొరకలేదు."

"ఆ బోర్డు దగ్గరే కష్టమైపోయింది బాబూ," అన్నారు అత్తమ్మ, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ. "అంత పెద్ద అక్షరాలు కనపడనట్టు తల తిప్పుకునేసరికి మెడ పట్టేసింది."

అప్పుడు ఒంగి ఇద్దరి కాళ్ళకూ దండం పెట్టాను. సిగ్గుతో సగం చచ్చాను. మిగిలిన సగం మాత్రం గర్వంతో ఉబ్బిపోయింది. నేను ఎంత పెద్ద గాడిదనో తెలిసి కూడా, నా పరువు నాకంటే జాగ్రత్తగా మోసుకొచ్చిన అత్తమామలు ఇంకెవరికి ఉన్నారు చెప్పండి?

మర్నాడు శనివారం. అత్తమ్మ ఒంటిపూట ఉండి కూడా, పొద్దున్నే ఆ చలువరాతి బల్ల మీద మామయ్య పక్కన కూర్చున్నారు. తివారీ ఆనందం పట్టలేక చెప్పిన కథే రెండుసార్లు చెప్పాడు. నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. ఫోటో తీయడం ఒక్కటే నా పని.

కాప్రా ఇంట్లో హాలు గోడ మీద ఇప్పుడు రెండు ఫోటోలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇంటికి ఎవరు కొత్తగా వచ్చినా అత్తమ్మ వాళ్ళను అక్కడికి తీసుకెళ్తారు. గొంతులో ఎగతాళి అన్నది మచ్చుకైనా ఉండదు, అంతా గర్వమే.

"ఈ పెద్దది షాజహాన్ కట్టించిందండీ. ఈ చిన్నదేమో మా అల్లుడుగారు కట్టించారు."

కనుక చదువుతున్న మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని శపథం చేస్తున్నాను. ఇకమీదట సెలవు రోజు కనుక్కోకుండా మా గల్లీ చివరి ఇరానీ హోటలు కూడా ఎవరికీ చూపించను. గుంటూరు మనిషి వినేంత దూరంలో హిందీలో రహస్యాలు చెప్పను. ముఖ్యంగా, తాజ్‌మహళ్ళ జోలికి మళ్ళీ పోను. కట్టించిన ఒక్కటీ చాలు.