ఆరో గడి

పోయిన సోమవారం పొద్దున అక్కకు ఫోన్ వచ్చింది. పదేళ్ల కింద ఆమె పొట్టకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నుంచే వచ్చింది. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఒంట్లో షుగరు ఇన్నేళ్లలో ఎలా మారిందో పరిశోధన చేస్తున్న ఒక డాక్టరమ్మ, ఆపరేషన్‌కు ముందటి బరువులూ షుగర్ రీడింగులూ ఇంట్లో ఎక్కడైనా రాసిపెట్టి ఉన్నాయా అని అడిగింది. అక్క క్షణం ఆలోచించకుండా, "ఉన్నయమ్మా, మా తమ్ముడు ఏడేండ్లు రాసిండు, ఒక్క వారం సుత తప్పలే" అని గొప్పగా చెప్పింది. పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా చేతులు ఆగిపోయాయి.

నోటుబుక్కులు మూడు, అటక మీద ఇనప్పెట్టెలో భద్రంగానే ఉన్నాయి. ప్రతి పేజీనీ స్కేలు పెట్టి ఆరు గడులుగా గీశాను. మొదటిది తేదీ, రెండోది బరువు, మూడోది పరగడుపు షుగరు, నాలుగోది ఆ వారం తూచి పెట్టిన తిండి, ఐదోది ఆ తిండికి ఉండవలసిన బరువు. ఈ ఐదూ ఎవరికి చూపించడానికైనా నాకు అభ్యంతరం లేదు. ఆరో గడి అక్క చూస్తుండగా ఇంకొకరి ముందు ఎలా తెరవాలో మాత్రం నాకు తెలియలేదు. చింపేద్దామంటే అది ప్రతి పేజీలోనూ ఉంది.

మేము లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగాం. వర్క్‌షాపు సైరన్ మోగగానే అన్ని ఇళ్ల ముందూ ఒకేసారి సైకిళ్లు కదిలే ఆ పొద్దుటిపూటలు మన వయసు వాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. నేను నాలుగో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దదైన అక్క నాకు ముందు పెట్టి, నాన్నకు పెట్టి, నేను కంచంలో వదిలేసినది పారేయడం ఇష్టంలేక తానే తినేది. ఆ తర్వాత చదువుకుని చిన్నపిల్లల బడిలో టీచరయింది. పెళ్లిళ్లు ఇద్దరికీ కుదరలేదు, ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ ఆమెది బొద్దు ఒళ్లే.

నేను పదో తరగతి దాటలేదు. నాన్న దగ్గరున్న, లెక్కల పట్టికలు ఉండే పాత రెడీ రెకనర్ పుస్తకాన్ని కథల పుస్తకంలా చదివి లెక్కలు నేర్చుకున్నాను, ఆ లెక్కలతోనే గూడ్స్ షెడ్ దగ్గర ధర్మకాటాలో పని సంపాదించాను. లారీని నిండుగా ఒకసారీ ఖాళీగా ఒకసారీ ఎక్కించి తూచే పెద్ద కాటా అది. ఒక బరువులోంచి ఇంకొకటి తీసేస్తే సరుకెంతో తేలుతుంది. ఇసుక లోడు చిట్టీలో ఒకటుండి కాటా మీద ఇంకొకటి పడితే, దారిలో ఎవరో దించి అమ్ముకున్నారనో, తూకం పెరగడానికి నీళ్లు కొట్టారనో అర్థం. ఆ ఉద్యోగంలో ఇరవై ఏళ్లకు నాకు ఒక్కటే నమ్మకం మిగిలింది. తేడా వచ్చిందంటే ఎవరో అబద్ధం ఆడినట్టే.

అక్కకు నలభై ఐదో ఏట షుగరు వచ్చింది. బరువు తగ్గించుకోవాలని డాక్టరు చెప్పగానే ఆ బాధ్యత నేను తీసుకున్నాను, ఎవరూ అడగకుండానే. మోండా మార్కెట్‌కు వెళ్లి మనుషులను తూచే చిన్న కాటా ఒకటీ, వంటింటికి తక్కెడా రాళ్లూ కొనుక్కొచ్చాను. ఏ పదార్థంలో ఎన్ని కేలరీలో చెప్పే చిన్న పుస్తకం పేజీలూడిపోయేదాకా చదివాను. రొట్టెలు తూచాను, అన్నం తూచాను, ఆదివారం చర్చిలో ప్రభురాత్రి భోజనానికి ఇచ్చే రొట్టెముక్క ఎంత బరువుంటుందో అంచనా కట్టి దాన్నీ కలిపాను. ప్రతి శనివారం పొద్దున అక్క చెప్పులు విడిచి కాటా ఎక్కేది. ఐదో గడిలోని బరువుకూ ముల్లు చూపించిన బరువుకూ తేడా వస్తే, ఆ తేడాను తిండిగా మార్చి ఆరో గడిలో వేసేవాణ్ని.

"అక్కా, గీ వారం మూడు వందల గ్రాములు ఎక్కడివి?"

"నాకేం ఎరుకరా? నువ్వు పెట్టిందే తిన్న."

"స్టాఫ్ రూంల ఏం తిన్నవ్?"

"చక్కెర లేని చాయ్ తాగిన. హెడ్ మేడమ్ బర్త్‌డే కేక్ ఇస్తే సుత ఆయమ్మకే ఇచ్చిన."

"కాటా అబద్ధం చెప్పదక్కా."

"నన్ను సుత ఇసుక లారీని జేసినవ్ గదరా" అని నవ్వింది. మొదట్లో నవ్వేది.

ఆ గడి పైన మొదట నేను రాసుకున్న పేరు 'తేడా'. రెండు నెలల తర్వాత దాన్ని కొట్టేసి 'దొంగతిండి' అని రాశాను. ఈ మాట ఇప్పుడు కాగితం మీద పెట్టడానికి మూడు రోజులు పట్టింది, కానీ అప్పుడు రాయడానికి ఒక్క క్షణం పట్టలేదు. ఆమె బళ్లో ఉన్నప్పుడు బీరువా వెతికాను, చేతిసంచి వెతికాను. ఒకరోజు మధ్యాహ్నం బడి గేటు దగ్గరికి వెళ్లి, మా అక్క లోపల ఏమైనా తింటుందా అని ఆయమ్మను అడిగాను. ఆయమ్మ నన్ను ఎగాదిగా చూసి లోపలికి పోయింది. సాయంత్రానికి టీచర్లందరికీ తెలిసింది. అక్క ఇంటికొచ్చింది. చేతులు కడుక్కుని నాకు అన్నం పెట్టింది, తాను తినకుండా కూర్చుంది. ఆ తర్వాత శనివారాలు ఆమె నవ్వడం మానేసింది.

ఆ ఏడేళ్లలో లెక్క సరిగ్గా కలిసింది ఒకే ఒక్కసారి. ముల్లు ఐదో గడిలోని అంకె మీదే నిలబడింది. ఎర్ర పెన్ను తీసి ఆరో గడిలో పెద్ద టిక్కు పెట్టాను, ఆ సంతోషంలో సంచీ పట్టుకుని అక్కతో పాటు మార్కెట్‌కు కూడా వెళ్లాను. ఆకుకూరల దగ్గర గోంగూర కట్ట ఏరుతూ ఏరుతూ ఆమె ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లంతా చెమట, మాట తడబడుతోంది. గురువారం నుంచీ ఆమె చాయ్ తప్ప ఏమీ తీసుకోలేదట. నేను తూచి పెట్టినదంతా వీధి కుక్కకు వేసి, షుగరు మాత్రలు మాత్రం మానకుండా వేసుకుందట. ఇవన్నీ తర్వాత తెలిశాయి.

కూరలమ్మే అవ్వ అక్క తల ఒడిలో పెట్టుకుని నన్ను తిట్టింది. "ఏం మనిషివయ్యా, ఇంత ముద్ద పెట్టకుంట బజారుకు తోల్కొస్తవా? గట్ల నిలవడి చూస్తవేంది, పోయి తియ్య సోడా పట్కరా!" సోడా రెండు గుక్కలు లోపలికి పోయాక అక్క కళ్లు తెరిచి, నన్ను గుర్తుపట్టి, మెల్లగా అడిగింది.

"లెక్క కలిసింది గదరా?"

కలిసిందన్నాను. ఆ రోజుతో నోటుబుక్కు మూసేశానని రాయగలిగితే బాగుండేది. మూయలేదు. ఆ సోడాను కూడా నాలుగో గడిలో రాశాను.

తర్వాత రెండేళ్లకు మాత్రల మీద మాత్రలు పెరిగి, ఇన్సులిన్ దాకా వచ్చాక, డాక్టర్లు ఆపరేషన్ మాట ఎత్తారు. జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి, పేగును కొంత దూరం తప్పించి కలుపుతారని చెప్పారు. నోరు కట్టుకోలేనివాళ్లకే అదంతా అని నేను అడ్డం చెప్పాను. అక్క నన్ను అడగకుండా సంతకం చేసింది. ఆమె తన కోసం తాను చేసుకున్న మొదటి నిర్ణయం అదేననుకుంటాను.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు వార్డులో తూస్తే, ఎక్కించిన సెలైన్ వల్లనో ఏమో, బరువు ఒక కిలో పెరిగి ఉంది. కానీ షుగరు సగానికి పడిపోయింది, అదీ ఇన్సులిన్ ఆపేశాక. మిషన్ చెడిపోయిందనుకుని నా వేలు పొడుచుకుని చూసుకున్నాను. నాది ఎప్పటిలాగే ఉంది. తిండి లేదు కనుక తగ్గిందని ఒక లెక్క వేసుకున్నాను, అంతకుముందు జ్వరంలో నాలుగు రోజులు గంజి మీద ఉన్నప్పుడు ఇలా తగ్గలేదని నా నోటుబుక్కే చెప్పింది. వార్డులోని చిన్న డాక్టరు ఓపికగా నిలబడి చెప్పాడు. తిండి తగ్గడం కొంత కారణమేనట, కానీ అదొక్కటే కాదట. పేగు ఆకలికీ క్లోమానికీ కబుర్లు పంపుతుందట, దారి మార్చగానే ఆ కబుర్లు మారతాయట, అది పూర్తిగా ఎలా జరుగుతుందో ఇంకా తెలుసుకుంటూనే ఉన్నారట. మరో మాట కూడా అన్నాడు. మనిషి తిండి తగ్గించుకుంటే ఒళ్లు కూడా తన ఖర్చు తగ్గించుకుంటుంది కనుక, కాగితం మీద తగ్గవలసినంత బరువు ఒంటి మీద తగ్గదు.

నేను వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాను. ఏడేళ్ల ఆరో గడి కళ్ల ముందు తిరిగింది. లారీ దారిలో ఎక్కడా ఆగలేదు. అబద్ధమాడింది నా ఐదో గడి.

ఆ సంగతి అక్కకు ఎప్పుడూ చెప్పలేదు. పదేళ్లు చెప్పలేదు. పోయిన బుధవారం ఆమె స్నానానికి వెళ్లినప్పుడు తెల్ల సిరా తెచ్చి మొదటి పేజీలో 'దొంగతిండి' అన్న పేరు మీద పూయడం మొదలుపెట్టాను. తలెత్తేసరికి తువ్వాలు తలకు చుట్టుకుని అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"గదెందుకు చెరుపుతున్నవ్?"

తెల్ల సిరా సీసాకు మూత పెట్టాను.

"టీచర్ని గదరా, నా మీద రాసింది చదవకుంట ఉంటనా? రాసిన వారమే చదివిన. ఉండనియ్."

మర్నాడు ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ చిన్నది, అక్క దగ్గర చదువుకున్న పిల్లల వయసు. పేజీలు తిప్పుతూ, ఇంత శ్రద్ధగా రాసినవి ఇదివరకు చూడలేదని మెచ్చుకుంటూ, ఆరో గడి దగ్గర ఆగి ఇదేమిటని అడిగింది. మా అక్క దొంగతనంగా తింటోందని నేను అనుకున్న తిండి అని చెప్పాను. ఆమె తినలేదు, తప్పు నాదేనని కూడా చెప్పాను. అక్క పక్కన ఉండగా ఆ మాట అనడానికి నాకు పదేళ్లు పట్టింది. డాక్టరమ్మ తనకు అన్నిటికన్నా పనికొచ్చే గడి ఇదేనంది. ఒళ్లు ఎంత ఎదురు తిరిగిందో ఇందులోనే కనిపిస్తోందట. దీనికి ఏం పేరు రాసుకోమంటారని అక్కనే అడిగింది.

"తేడా అని రాస్కోమ్మా. మొదట వాడు గదే రాసిండు" అంది అక్క.

ఇంకో పేజీ దగ్గర ఎర్ర టిక్కు చూసి, ఈ రోజు ప్రత్యేకంగా ఏమైనా జరిగిందా అని ఆ అమ్మాయి అడిగింది. అక్క నా వైపు చూసింది. ఆ రోజు నా లెక్క కలిసింది, మా అక్క పడిపోయింది అని చెప్పాను. ఆ అమ్మాయి దాన్నీ రాసుకుంది.

ఇప్పుడు ధర్మకాటాలో ముల్లు లేదు, కంప్యూటరే చిట్టీ ఇస్తుంది, నాలాంటివాడు అక్కడ అక్కర్లేదు. అక్కకు ఆపరేషన్ అయ్యాక జుట్టు రాలింది, బలానికి సూదులు తప్పడం లేదు, షుగరు ఈమధ్య మళ్లీ కొంచెం పెరిగి అర మాత్ర మొదలైంది. అది విన్నప్పుడు పాత అలవాటు కొద్దీ ఏం తిన్నావని అడగబోయి నాలుక కరుచుకున్నాను. బళ్లో బరువైన పిల్లలను ఎగతాళి చేయొద్దని ఇప్పుడు చెబుతున్నారట. మా రోజుల్లో మాకు ఎవరూ చెప్పలేదని అనుకుంటే కొంత ఊరట, కానీ నన్ను పెంచిన మనిషిని నమ్మడానికి ఎవరైనా చెప్పాలా అని వెంటనే అనిపిస్తుంది.

ఈ పొద్దున అక్క రెండు ఇడ్లీలు పెట్టుకుని ఒకటిన్నర తిని, ఇంక పట్టదని కంచం నా వైపు జరిపింది. ఆ సగం నేను తిన్నాను. ఎంత బరువుందో చూడలేదు.