దీపం దాటని మనుషులు

మా ఊరి దాసప్ప నిన్న పొద్దున ఆసుపత్రిలో పోయాడు. ‘జరగరానిది జరిగింది’ అంటున్నారు ఊళ్ళో. దానంతటది జరగలేదు. మావాళ్ళు చేశారు.

ప్రతి శనివారం నామం దిద్దుకుని, ఇత్తడి దీపకంబం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. జొన్నలు వేసినా దీవించేవాడు, వెయ్యకపోయినా దీవించేవాడు. ‘‘మీ స్వామి వాన ఎప్పుడు కురిపిస్తాడంట?’’ అని నేను ఎగతాళి చేస్తే, ‘‘ఆయప్ప నన్ను దీపం మోయమన్యాడు టీచరమ్మా, మబ్బులు మోయమన్లేదు’’ అనేవాడు. ఆ దీపం నేల మీద దించితే అక్కడ దేవుడున్నట్టే. ఎవరూ దాటరు.

పోయిన వారం గొర్రెలు వరసగా చచ్చాయి. నీలినాలుక రోగమని పశువుల డాక్టరు చెప్పాడు. మావాళ్ళు మాత్రం ముసలి మంత్రసాని చేతబడి అని తేల్చారు. తమలో సగంమందికి బొడ్డు కోసిన మనిషి ఇంటి మీదికి కట్టెలతో పోయారు.

వాళ్ళకంటే ముందే దాసప్ప ఆమె గడపలో దీపం దించి, పక్కన కూర్చున్నాడు.

‘‘లెయ్ దాసప్పా, నీకేం పని ఈడ?’’

‘‘నాకుండేదే ఈ పని నాయనా. ఆయమ్మను ముట్టల్లంటే దీపాన్ని దాటల్ల, నన్ను దాటల్ల.’’

ఎదురింటి మిద్దె మీద నుంచి పోలీసులకు ఫోన్ చేస్తూ అంతా చూశాను. అందరూ చెప్పులు విడిచారు. దీపానికి దండం పెట్టారు. వెనక్కి జరిగి రాళ్ళు విసిరారు. నిష్ఠ గలవాళ్ళు, ఒక్కడూ దీపం దాటలేదు. రాళ్ళు దాటితే దోషం లేదనుకున్నారు కాబోలు.

‘‘పక్కకు రా దాసప్పా!’’ అని అరిచాను.

‘‘దీపం పెట్టినాక లేస్తే ఎట్లమ్మా?’’ అన్నాడు.

నేను కిందికి దిగలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పుకోవచ్చు. భయమేసింది.

జీపు వచ్చేదాకా ఆయన లేవలేదు. తలుపు వెనక మంత్రసానికి గీత కూడా పడలేదు. ఎవరు విసిరారో ఎవరికీ తెలియదట. నాకు తెలుసు. బళ్ళో నేను హాజరు పిలిచిన పేర్లే కదా, వరసగా పోలీసులకు రాసిచ్చాను.

ఇంకా ఎవర్నీ పట్టుకుపోలేదు. ఈరోజు వాళ్ళే దండలతో వచ్చారు, పాడె మోస్తామని. మంత్రసాని అడ్డం నిలబడింది.

‘‘ముట్టద్దండి. మీరు పుట్టినప్పుడు ఆ చేతులు కడిగింది నేనే. ఇప్పుడు కడగల్లంటే నా తరం కాదు.’’

ఒక మూల ఆమె పట్టింది, ఒక మూల నేను. మిగతా రెండూ మా కోడలు, అంగన్‌వాడీ ఆయా. నా మూల మాటిమాటికీ కిందికి వంగింది. వెనకాల మగవాళ్ళు నడిచారు, ఆ దండలు ఎక్కడ పెట్టాలో తెలియక, చేతుల్లో పట్టుకునే.