ఆవిడ వేసిన పీట

మా అత్తగారు పోయారు. పోయిన నెలలో ఒక ఉదయం నేను మంచం పక్కన నీళ్ళ బేసిన్ పెట్టుకుని ఒళ్ళు తుడవబోయేసరికి ఊపిరి లేదు. చుట్టాలందరికీ ఫోన్లు చేసింది నేనే. గొంతు వణకలేదు. గ్యాస్ సిలిండర్ బుక్ చేసేటప్పుడు ఎలా మాట్లాడతానో అలాగే మాట్లాడాను. ఇది రాస్తున్నప్పుడు కూడా కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఈ మాట ముందు చెప్పకపోతే ఆవిడే ఒప్పుకోరు.

నేను భిలాయిలో పుట్టి హిందీలో చదువుకున్నదాన్ని. పెళ్ళయి అదే ఊళ్ళో వైశాలి నగర్‌లో అత్తగారింట్లో అడుగుపెట్టేనాటికి నాకు బాగా వచ్చిన తెలుగు మాట 'పర్లేదు'. ఎవరేం చేసినా పర్లేదు. మనసులో ఉన్నది బయటికి తెలియనివ్వకపోవడమే మంచితనం అనుకునేదాన్ని. తరచూ తలనొప్పి వచ్చేది, ఎందుకో తెలిసేది కాదు.

ఓసారి మా పుట్టింటివాళ్ళు నాకు పెట్టిన కొత్త చీరని అత్తగారు నన్నడక్కుండానే మా ఆడపడుచుకి ఇచ్చేశారు. పర్లేదన్నాను. అని, వంటింట్లోకి వెళ్ళి మాడిన మూకుడు తోమడం మొదలుపెట్టాను. ఆ చప్పుడుకి ఆవిడ వచ్చి, గోడకి ఆనించి ఉన్న చెక్కపీట వాల్చి నన్ను కూర్చోమన్నారు.

"కోపం ఒచ్చిందేటి?"

"లేదత్తయ్యా."

"మూకుడికి సెప్పినావు కదా. నాకూ సెప్పు."

నోరు తెరిస్తే హిందీ వచ్చింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, హిందీలో కాదు, నాకు తగిలేటట్టు చెప్పమన్నారు. అప్పుడు చెప్పాను, మిమ్మల్ని చూస్తే ఒళ్ళు మండిపోతోందని. అది విని ఆవిడ నన్ను దగ్గరికి తీసుకున్నారని అనుకుంటున్నారేమో. అదేం లేదు. మూతి ముడుచుకుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఓ పొద్దున్న వచ్చి, తనకీ ఒళ్ళు మండిందనీ, ఆ కోపాన్నీ పీటేసి కూర్చోబెట్టాననీ చెప్పి, చాయ్ పెట్టమన్నారు. చీర మాత్రం తిరిగి రాలేదు.

ఆవిడ పద్ధతి అది. కోపం గానీ, కుళ్ళు గానీ, "ఒచ్చినదాన్ని గెంటీకు, పీటెయ్యి" అనేవారు. పక్కింటావిడ కొడుకు స్టీలు ప్లాంటులో ఆఫీసరైన రోజు ఆ పీట మీద గోడవైపు తిరిగి కూర్చుని, కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నానని తనకి తానే చెప్పుకున్నారు. కాసేపటికి లేచి ముఖం కడుక్కుని, మిఠాయి డబ్బా పట్టుకెళ్ళి, ఆ అబ్బాయిని మనసారా దీవించి వచ్చారు. మనసారా అన్నది నిజం, నేను పక్కనే ఉన్నాను. నాలో ఉన్న మంచి కోడల్ని చాలామంది మెచ్చుకున్నారు. నాలోనే ఉన్న రెండోదానికి, ఆ కోపిష్టిదానికి, కూర్చోడానికి చోటిచ్చింది ఆవిడే. నా తలనొప్పులు ఎప్పుడు తగ్గాయో నేను గమనించనే లేదు.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే చాలాకాలం చెప్పలేదు. ఓ మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చెప్పారు. ప్లాంటు కూలీలుండే క్యాంప్ 1లో ఇరుకింట్లో కాపురమున్న రోజుల్లో వాళ్ళత్తగారు పోయారట. ఈవిడకి సంతోషం కలిగింది. అది ఎవరు పసిగడతారోనని అందరికంటే గట్టిగా గుండెలు బాదుకుని ఏడ్చారట. వీధి వీధంతా మెచ్చుకుందట.

"ఆ దొంగేడుపు నా గొంతులోనే ఉండిపోనాదే. తరవాత నిజంగా ఏడవాల్సొచ్చినా ఏడుపు రానేదు. నాను పోయినప్పుడు నువ్వలా సెయ్యకు."

పక్షవాతంతో మంచం పట్టాక ఆవిడకి మాట పోయింది. తినిపించడం, తుడవడం, దుప్పట్లు ఉతకడం, ఏళ్ళ తరబడి అదే పని. ఎవరు పలకరించినా మళ్ళీ పర్లేదు అనడం మొదలుపెట్టాను. పీట మీద బేసిన్ పెట్టుకునేదాన్ని గానీ నేను కూర్చోలేదు. కూర్చుంటే ఏం చెప్పాల్సొస్తుందో నాకు తెలుసు. ఆవిడ ఒక్కోసారి పీట వైపు చూసి, తర్వాత నా ముఖంలోకి చూసేవారు. నేను బట్ట పిండుకుంటూ తల తిప్పుకునేదాన్ని.

ఆవిడ పోయిన రోజు మా ఆడపడుచు తల్లి మీద పడి ఏడుస్తూ మధ్యలో నావైపు చూసింది. ఓ పెద్దావిడ నా భుజం తట్టి, కోడలు ఏడవకపోతే బాగోదమ్మా అంది. అదేం కష్టం కాదు, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటే చాలు. కొంగు చేతిలోకి తీసుకున్నాను కూడా. అత్తగారి మాట గుర్తొచ్చి వదిలేశాను. కోడలిది రాతిగుండె అని చెప్పుకున్నారట. చెప్పుకోనీ.

దినకార్యాలు అయ్యి చుట్టాలు రైలెక్కారు. ఆ సాయంత్రం మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, బాగానే ఉన్నావా అని అడిగారు. పర్లేదు అనబోయాను. అనకుండా, అత్తగారి మంచం కిందున్న పీట తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, వాల్చుకుని కూర్చున్నాను.

"అత్తయ్య పోయారని తెలియగానే ముందు నాకు హాయిగా అనిపించిందండీ."

కన్నతల్లి గురించి అన్నాను మరి. ఇక నా ముఖం చూడరేమో అనుకున్నాను. భయపడాల్సిన మాటే, కానీ ఆ భయం కూడా ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చారు.

"నాకూ అలాగే అనిపించింది" అన్నారు. "కాసింత జరుగు."

ఆ పీట ఒక మనిషికే సరిపోతుంది. అయినా జరిగాను.