మెస్ మూసిన కమిటీ

గంగన్నది జగిత్యాల పక్క పల్లె. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ మేస్త్రీ. తొంభై ఆరులో కామెర్లొచ్చి మంచం పడితే, ఆసుపత్రికి కారు పంపింది కంపెనీ నడిపే ముదీర్. తిరిగొచ్చాక మనిషిని చేసింది మాత్రం క్యాంపు వంటవాడు ఖాసీం. కడపవాడు, నోరు విప్పితే తిట్లే. "తాగప్పా, తాగి సావు!" అంటూనే పూటపూటకీ గంజి కాచి నోట్లో పోసేవాడు. గంగన్న లేచి నడిచాక కనబడ్డవాడికల్లా ఖాసీమే బతికించాడని చెప్పాడు.

అట్లాంటి ఖాసీంని ఇంటికి పంపేస్తానన్నాడు క్యాంప్ బాస్ ఇస్హాక్. రోగమొచ్చినవాళ్ళకు వేరే వంటేమిటి, గ్యాసు దండగ అట! వీడి మొహం మండ!

క్యాంపులో చేతులెత్తి ఎన్నుకున్న మెస్ కమిటీ ఉంది, గంగన్నే పెద్ద. ఖాసీం ఉండాలని కమిటీ ఒక్కమాటగా తీర్మానించింది. ఇస్హాక్ పళ్ళికిలించాడు. "నన్ను పెట్టింది ముదీర్. తీస్తే ఆయనే తియ్యాలె. మీకు నేనెందుకు జవాబియ్యాలె?"

మర్నాడు సైటులో గంగన్న దిగులు చూసి, మనవాళ్ళతో పనిచేసి హిందీ పట్టుబడ్డ జర్మన్ ఇంజనీరు వెర్నర్ సంగతంతా విన్నాడు.

"మా తాతల కాలంలో మా దేశమూ ఇంతే. పార్లమెంటుకు జనం ఓట్లేసేవారు. ప్రధానిని మాత్రం చక్రవర్తి పెట్టేవాడు. సభ ఎంత గొంతు చించుకున్నా ప్రధాని కదిలేవాడు కాదు."

"మరి సభ శేతిల ఏమున్నది సార్?"

"బడ్జెట్. వాళ్ళు సరేనంటేనే ఖర్చు."

"గట్టిగ పట్టిన్రా?"

"ఎక్కడ! చక్రవర్తి యుద్ధమనగానే, ఎదురు చెప్పాల్సినవాళ్ళు కూడా దేశభక్తితో యుద్ధం అప్పులకు సరేనన్నారు. ప్రధాని సభకు జవాబు చెప్పాలన్న చట్టం, ఓడిపోయే రోజుల్లో గానీ రాలేదు."

గంగన్నకు బుర్ర వెలిగింది. మెస్ సరుకులు కూలీల చందాలతోనే వస్తాయి, కమిటీ సరేనంటేనే చందా. సరే, కమిటీ మెస్ మూసేసింది! ఏ గది వంట ఆ గదిదే. మాడిన అన్నం, ఉడకని పప్పు. అయినా ఎవరూ కిక్కురుమనలేదు. అసలు దెబ్బ ఇస్హాక్‌కి తగిలింది, ఆయన బిర్యానీ కూడా ఆ వంటింటిదే మరి.

ముదీర్ మండిపడుతూ దిగాడు. "గంగన్నా, నీకు కారు పంపింది నేను కాదా? ఇదా విశ్వాసం? రేపే విమానం ఎక్కిస్తా!"

గంగన్న ముందుకొచ్చాడు. "పంపిన్రు సాబ్. సచ్చేదాంక యాదిజేసుకుంట. గా పాణానికి గంజి వోసింది ఖాసీం. మీకూ బాకీనే, ఆయినకూ బాకీనే. ఎవల్ని మర్వమంటరు?"

ముదీర్ ఖాసీం వైపు చూశాడు. "యల్లా, సరే, వంటవాడు ఉంటాడు," అన్నాడు చివరికి.

ఈలలు, కేకలు! ముదీర్ చెయ్యి అందుకోవాలని జనం ఎగబడ్డారు. గంగన్న అందుకున్నాడు, వదల్లేదు.

"మీ దయ సాబ్. కానీ గిది దయతోని గాదు. ఇగ వంటోణ్ని పెట్టినా తీసినా కమిటీని అడగాలె."

ముదీర్ ఆ చేతిని చూశాడు, మనిషిని చూశాడు, ఇస్హాక్ వైపు తిరిగాడు.

"అడుగు," అన్నాడు.

మర్నాడు పొయ్యి వెలిగింది. "నిన్ను పంపిచ్చుంటే నీ పిల్లోళ్ళ గతేంది రా, తిక్కనాయాలా!" అని తిడుతూ ఖాసీం భోరున ఏడ్చాడు. గంగన్నకూ కళ్ళు ఆగలేదు.

అంతలో ఇస్హాక్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"గంగన్నా, కమిటీ... ఇయ్యాల కూరేం జెయ్యమంటది?"

గంగన్న స్టూలు లాగి వేశాడు.

"ముందుగాల కూసోని తిను భాయ్. ఎన్ని రోజులాయె!"