తోయివో తుపాకీ

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆర్విడ్ గోడ మీది పదకొండు తుపాకులనూ దించి, వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి, నూనెగుడ్డతో తుడుస్తాడు. అన్నీ పాత యుద్ధాల్లో తిరిగి, సైన్యాలు వదిలించుకుంటే అమెరికాలో ఈ మిన్నెసోటా దాకా వచ్చినవే. ఒక్కటీ పేల్చడు. తుప్పు తుడుస్తాడు గాని మచ్చల, గీతల జోలికి పోడు; ముప్పై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచినవాడు, ఒక్కో గీతనీ చిరునామాలా చదువుకుంటాడు. ఆఖరిది ఫిన్లాండ్‌ది. దాని చెక్క మడమ మీద ఎవరో సైనికుడు చాకుతో ‘తోయివో’ అని తన పేరు చెక్కుకుని, కింద ఆరు గీతలు గీసుకున్నాడు. అవి ఇంటి నుంచి అందిన ఉత్తరాల లెక్క అని ఆర్విడ్ నమ్మకం. భార్య పోయాక, ఆ పేరు మీద బొటనవేలు ఆనించి, “ఏం తోయివో, మీ వైపు మంచు పడిందా?” అని పలకరించడం అలవాటైంది.

తుంటి ఆపరేషనై మూడు వారాలకు ఆర్విడ్ ఇల్లు చేరేసరికి, ఇల్లు కనిపెట్టుకుని ఉన్న పక్కింటి వడ్రంగి డ్వేన్ ఆ తుపాకీతో ఎదురొచ్చాడు. అది తళతళలాడుతోంది.

“ఎలా ఉంది పెద్దాయనా? ఎవడో పనిలేనివాడు పేరు చెక్కి పాడుచేశాడు. ఉప్పుకాగితంతో రుద్ది, వార్నిష్ కొట్టేసరికి రెండ్రోజులు పట్టిందనుకో!”

ఆర్విడ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని తుపాకీ అందుకున్నాడు; పేరుండే చోట బొటనవేలు నున్నటి చెక్క మీద జారిపోయింది.

“చాలా కష్టపడ్డావయ్యా,” అన్నాడు. “రాలిన పొడి ఏంచేశావు?”

“పొడా? మంగళవారం చెత్తబండిలో పోయిందిగా!” డ్వేన్ పకపకా నవ్వి టోపీ అందుకున్నాడు.

ఆర్విడ్ చేతికర్ర తడుముకుంటూ లేచి, వేడి కాఫీ పోసి అతని ముందు పెట్టాడు.

“కూర్చో డ్వేన్. మీ వైపు మంచు పడిందా?”