మా బావ చేతి మీద వేసిన నింద

మా బావగారు పోయారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం అన్నం తిని పడక్కుర్చీలో వాలారు. అక్కయ్య మంచినీళ్లు తెచ్చేసరికి లేరు. నేను బెజవాడ నుంచి కంకిపాడు చేరేటప్పటికే వీధిలో షామియానా వేసి కుర్చీలు పరిచేశారు.

ఆ కుర్చీల్లో ఒకదాంట్లో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. మా బావతో ఇరవై ఏళ్లు కలిసి పనిచేసినవాడు. పక్కాయనతో అంటున్నాడు: "మంచి పనోడండీ. పాపం, చివర్లోనే చెయ్యి వణికి బోర్డులు కాల్చేశాడు." పక్కాయన "వయసు కదండీ మరి" అని నిట్టూర్చాడు. చావింట్లో కాబట్టి ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. ఆయన చెయ్యి వణకలేదు. పోయేనాటికి కూడా సూదిలో దారం అక్కయ్యకి ఆయనే ఎక్కించి ఇచ్చేవారు. చెయ్యి వణికిందన్న మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అది చెప్పకుండా ఆయన మంచితనం గురించి ఎన్ని పేజీలు రాసినా అది దొంగ ఏడుపే.

గవర్నర్‌పేటలో ఒక మేడ మీద మా సర్వీస్ సెంటర్. నర్సింగ్ హోముల్లో పాడైన యంత్రాలు మాకు వచ్చేవి. గుండె కొట్టుకోవడం చూపించే మానిటర్లు, సెలైన్‌ని కొలత ప్రకారం ఎక్కించే పంపులు. వాటి లోపలి సర్క్యూట్ బోర్డులు బావ బాగుచేసేవారు. ఉత్తరాలూ రిపోర్టులూ నేను రాసేవాణ్ణి. ఆ ఉద్యోగం నాకు ఇప్పించింది ఆయనే. "మా బావమరిది పుస్తకాల పురుగండీ. స్క్రూడ్రైవర్ ఇవ్వకండి, కలం ఇవ్వండి" అని పెద్ద యజమానికి చెప్పి ఇప్పించారు.

పెద్ద యజమాని ఉన్నన్నాళ్లూ అక్కడొక పద్ధతి ఉండేది. ఎవరైనా సరే మెట్ల దగ్గర చెప్పులు విప్పి రావాలి. నల్ల సిమెంటు నేల. రోజూ పొద్దున్నే తడిగుడ్డ పెట్టేవారు. గుడేమో అనుకునేవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లు. మా బావ ఎడమ మణికట్టుకి ఒక పట్టీ కట్టుకునేవారు. దాన్నుంచి చుట్టలు తిరిగిన తీగ ఒకటి బల్లకున్న రాగి రేకుకి, అక్కణ్ణుంచి ఇంకో తీగ గోడ వెంట ఎర్త్‌కి.

"ఏం బావా, అక్క కట్టేసి పంపిందా?" అనేవాణ్ణి.

"మీ అక్కయితే తాడు ఇంత పొడుగు వదుల్తుందిట్రా?"

ఎందుకీ తాపత్రయమంటే, నడిచినా, కుర్చీలో కదిలినా మన ఒంట్లో కొంత కరెంటు పోగవుతుంది. స్టాటిక్ అంటారు. నైలాన్ చొక్కా విప్పేటప్పుడు చిటపటమంటుందే, అదే. వట్టి కాళ్లతో తడి సిమెంటు మీద నిలబడినా, చేతికి ఆ తీగ ఉన్నా అది నేలలోకి దిగిపోతుంది. దిగకపోతే, బోర్డు ముట్టుకోగానే వేలి నుంచి దాంట్లోకి దూకుతుంది. "మనకి చురుక్కుమనేంత ఉండక్కర్లేదురా. మనకి తెలియనంత చాలు దాని ప్రాణానికి" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు, అప్పట్లో నాకు సరిగా ఎక్కలేదు: "చచ్చిన బోర్డుతో పేచీ లేదు, పక్కన పడేస్తాం. దెబ్బ తిని నడుస్తుందే, దాంతో భయం. ఇక్కడ అన్ని పరీక్షలూ పాసవుతుంది. పది రోజులకో నెలకో మంచం పక్కన ఆగిపోతుంది."

ఒకసారి హనుమాన్ జంక్షన్ నుంచి ఒక కాంపౌండర్ బస్సులో బోర్డు తెచ్చాడు. థర్మోకోల్ ముక్కల మధ్య పెట్టి, ప్లాస్టిక్ టేపు చుట్టేసి, చంకలో పెట్టుకుని.

"జాగ్రత్తగా తెచ్చానండీ, ఒక్క గీత పళ్లేదు."

"గీత పడినా బావుండేదండీ. థర్మోకోల్లో పెట్టి రెండు గంటలు రుద్దుకుంటూ తెచ్చారు. చంపి తెచ్చి వైద్యం చెయ్యమంటున్నారు" అన్నారు బావ. తిట్టి, టీ తాగించి, వెళ్లేటప్పుడు వెండిరంగు కవర్లు నాలుగు చేతిలో పెట్టారు. స్టాటిక్ లోపలికి పోనివ్వని కవర్లవి. ఒక్కొక్కటీ ట్యూబ్‌లైటుకి ఎదురు పట్టి, ఎక్కడైనా సూదిమొనంత వెలుతురు కనిపిస్తే చించేసేవారు. ఎవరైనా మళ్లీ వాడతారేమోనని.

పెద్ద యజమాని పోయాక అల్లుడు వచ్చాడు. రాగానే సెంటర్ చూసి ముఖం చిట్లించాడు. హైదరాబాదు నుంచి ఆ యంత్రాల కంపెనీవాళ్లు తనిఖీకి వస్తున్నారని ఏసీ పెట్టించాడు. నేల మీద నీలం కార్పెట్ పరిచాడు. చక్రాల మీద తిరిగే ఆఫీసు కుర్చీలు తెచ్చాడు. గోడలకి చెక్క పలకలు బిగించాడు. బూట్లు తప్పనిసరి అన్నాడు.

బావ అడ్డు చెప్పారు. "అన్నీ కానివ్వండి. కార్పెట్ ఒక్కటీ వద్దండీ."

"బాబాయ్ గారూ, బెజవాడ ఉక్కపోతకి చొక్కా ఒంటికి అంటుకుపోతుంటే మీకు స్టాటిక్ ఎక్కడ పుడతదండీ?"

"బయట పుట్టదు బాబూ. గాలిలో తడి ఉంటుంది. మీ ఏసీ గదిలో పుడతది, ఆ తడి లాగేస్తుంది కాబట్టి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొత్త యజమాని నవ్వితే నవ్వడం నా ఉద్యోగంలో భాగమని నాకు నేనే చెప్పుకున్నాను.

సరిగ్గా నాలుగు వారాల తర్వాత, కంకిపాడులోనే ఒక నర్సింగ్ హోములో, మేం బాగుచేసి పంపిన సెలైన్ పంపు నడుస్తూ నడుస్తూ ఆగింది. నర్సు చూసింది కాబట్టి సరిపోయింది. తర్వాత వారం ఇంకొకటి. రెండూ బావ చేతి మీదుగా వెళ్లినవే. ఆయనకి అన్నం సయించలేదు. మీటరు పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. చేతి పట్టీ రోజూ కొలుచుకునేవారు, అది బాగానే ఉంది. రాగి రేకు నుంచి ప్లగ్గులోని ఎర్త్‌కి కొలిచారు. మీటరు ముల్లు కదల్లేదు.

"ఒరేయ్, తీగ తెగింది."

"ఎక్కడ?"

"గోడలో. చెక్క బిగించినవాళ్లు పాత వైరు అనుకుని కోసేసుంటారు. అయిదు వారాలుగా నేను కట్టుకున్నది ఉత్త బొందుముక్క."

వెళ్లి యజమానికి చెప్పారు. ఒక్క పలక విప్పమన్నారు. ఎల్లుండి తనిఖీ పెట్టుకుని కొత్త గోడ విప్పేదేమిటన్నాడు ఆయన. బావని పంపేసి నన్ను పిలిచాడు. "మాస్టారూ, కంపెనీకీ ఆస్పత్రులకీ ఒక రిపోర్ట్ రాయండి. గోడల గొడవ రాయకండి. మర్యాదగా రాయండి, పెద్దాయన కదా."

మర్యాదగా రాశాను. "సుదీర్ఘ సేవలందించిన మా సీనియర్ టెక్నీషియన్‌కు వయోభారం చేత హస్తనైపుణ్యం సన్నగిల్లినందున" అని మొదలుపెట్టాను. ఇంట్లో మూడు బీరువాల పుస్తకాలున్నాయి నాకు. అన్నీ చదివి నేర్చుకున్న భాష ఆ ఒక్క వాక్యానికి పనికొచ్చింది. చాలా బాగుందన్నాడు యజమాని. చావింట్లో కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి నోట విన్నానే, ఆ మాట నా వాక్యానికి వాడుక రూపం, అంతే. ఇన్నేళ్లూ యజమానిని తిట్టాను, వడ్రంగుల్ని తిట్టాను, నవ్వినవాళ్లని పేరుపేరునా తిట్టాను. తిట్టవలసిన వరసలో మొదటివాణ్ణి నేను.

బావ ఆ కాగితం చదివారు. "బాగా రాశావురా. తీగ సంగతేదీ?"

"అది టెక్నికల్ బావా. వాళ్లకి అర్థం కాదు."

ఆయన నా వంక చూసి కాగితం మడిచి నా జేబులోనే పెట్టారు. మర్నాటి నుంచి రాలేదు. ఆ తర్వాత ఏడేళ్లు పండక్కీ పబ్బానికీ కలిశాం, భోజనాలు చేశాం. ఆ ప్రస్తావన ఒక్కసారి కూడా తేలేదు. తెచ్చి తిట్టి ఉంటే నేనింత పులిసిపోయి ఉండేవాణ్ణి కాదు.

మానేశాక ఆయన చేసిన పని వినండి. ఆ అయిదు వారాల్లో తన చేతి నుంచి వెళ్లిన బోర్డులు, పాడైన రెండూ కాక, ఇంకా పదకొండు. గుడ్డ సంచీలో వెండి కవర్లు పెట్టుకుని, బస్సులెక్కి, ఒక్కొక్క ఊరూ తిరిగారు, వాటిని వెనక్కి ఇమ్మని.

"పనిచేస్తోంది కదండీ" అనేవాళ్లు.

"పనిచేస్తోంది కాబట్టే వచ్చానండీ" అనేవారు.

ఎవరు పాడుచేశారని అడిగితే "నా చేతిలోనే జరిగింది" అనేవారు. గోడ ఊసెత్తేవారు కాదు. ఒప్పుకోలే దొరికాక ఇంకేం కావాలి లోకానికి? చూశారా, ఆయనే అంటున్నాడు అన్నారు. పది బోర్డులు తెచ్చి, ఇంటి వసారాలో తడిపిన నేల మీద కూర్చుని, చిప్పులు మార్చి తిరిగి ఇచ్చారు. మైలవరంలో మాత్రం మేనేజరు ఇవ్వలేదు. నా రిపోర్టు తీసి చూపించాడట. "మీ చేతికి ఇవ్వొద్దనే కదండీ ఇందులో రాసింది?"

సెంటర్ వాళ్లు సంతాపసభ పెడుతున్నారు. యజమాని ఫోన్ చేశాడు. "మాస్టారూ, నాలుగు మాటలు మీరే రాయాలి." నేను రాసిన నాలుగు మాటలు ఇవి. ఆయన చదివించుకోవచ్చు.

నిన్న మైలవరం వెళ్లాను. ఆ మేనేజరే ఉన్నాడు. రిపోర్టు రాసింది నేనని, అందులో రాసింది అబద్ధమని, ఆ పంపు తీసి పక్కన పెట్టమని చెప్పాను. ఆయన విసుక్కోలేదు. "ఏడేళ్లుగా ఆడుతోంది సార్. ఉన్నవే రెండు. ఇప్పుడొచ్చి ఏమంటారు మీరు?" అన్నాడు. వెనక్కి తిరిగాను.

మా మాటలు విన్న వార్డు నర్సు వెంట వచ్చి అడిగింది. "ఆ తాతగారు మీకేమవుతారండీ? రెండు మూడు నెలలకోసారి వచ్చేవారు. లోపలికి రమ్మంటే వచ్చేవారు కాదు. ఆ పంపు ఎవరికి పెట్టామని అడిగి, గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్లిపోయేవారు. ఎవరి కోసం వస్తున్నారో మాకు తెలిసేది కాదు."

నేనూ ఆ గుమ్మంలో నిలబడ్డాను. మంచం మీద ఎవరో ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పంపు మీద పచ్చదీపం వెలుగుతోంది. సన్నటి గొట్టంలో ఒక చుక్క పడింది. రెండోది పడేదాకా కదల్లేకపోయాను.